తిరిగిరాని డబ్బాల వెంట బెంగళూరుకు

బెంగళూరు వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, లాల్‌బాగ్ చూశావా అని. చూడలేదు. విధానసౌధ? సిటీ బస్సు కిటికీలోంచి సగం కనబడింది, మిగతా సగానికి ఒక భారీ మనిషి అడ్డం కూర్చున్నాడు. మరి అన్ని రోజులు అక్కడ ఏం చూశావయ్యా అంటే, నా డబ్బాలు చూశాను. గాజుల కొట్లో చూశాను, కూలివాళ్ళ వరస ఇళ్ళలో చూశాను, అద్దాల మేడలో ఐదో అంతస్తులో కూడా చూశాను. కూతుళ్ళను అత్తగారిళ్ళలో చూసొచ్చిన తండ్రిలాగా తిరిగొచ్చాను.

తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. అనంతపురం పాతవూరులో మాకు రేకు డబ్బాల కార్ఖానా ఉంది. కార్ఖానా అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక షెడ్డు, ఒక ప్రెస్సు, రేకు కోసే పెద్ద కత్తెర, ఇద్దరు పనివాళ్ళు, వాళ్ళ మీద అరవడానికి నేను. మా నాన్న కాలంలో నేతికీ నశ్యానికీ డబ్బాలు చేసేవాళ్ళం. తర్వాత నెయ్యి ప్లాస్టిక్ కవర్లోకి పోయింది, నశ్యం పీల్చేవాళ్ళు పైకి పోయారు. మాకు మిగిలిన పెద్ద బేరం ఒక్కటే, బెంగళూరు బళేపేటలో నంజుండశెట్టి మిఠాయి అంగడి.

ఈ శెట్టి మా దగ్గరికి రావడానికి కారణం ఒక మోరీ, అదే మురుగుకాలువ. ఒక వానాకాలం ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడి వాళ్ళ సందులో మోరీ పొంగింది. అంగడిలోకి నీళ్ళొచ్చి, జిలేబీల బేసిన్ నడివీధిలోకి తేలుకుంటూ పోయింది. ఆ కోపంలో ఆయన ఇక ప్లాస్టిక్ ముట్టనని పదిమందిలో అనేశాడు. అన్నాక తప్పుతుందా, నన్ను పిలిపించాడు. పద్ధతి ఇది: మిఠాయి నా డబ్బాలో పెట్టి ఇస్తాడు. తినేశాక డబ్బా తెచ్చిస్తే, ఈసారి కొనేటప్పుడు కొసరు వేస్తాడు. వచ్చిన డబ్బాను కడిగి, ఎండబెట్టి, మళ్ళీ వాడతాడు. అది చాలాసార్లు తిరిగితేనే ఆయనకు గిట్టుబాటు.

నేనూ అందుకు తగ్గట్టే చేశాను. మందపు రేకు తీసుకున్నాను. అంచులు లోపలికి మడిచాను, తోమేటప్పుడు చెయ్యి తెగకూడదు కదా. రంగులు, అంటించిన కాగితాలు ఏమీ లేవు. అంగడి పేరును రేకులోనే అచ్చు కొట్టాను, ఎప్పుడో సొట్టలు పడి మూలకు చేరినా నేరుగా కరిగించుకోవచ్చని. ఇక మూత సంగతి. నా మూత బిగిస్తే చీమ దూరదు. చీమేమిటి, వాసన కూడా బయటికి రాదు. సొంతడబ్బా అనుకుంటారేమో, అనుకోండి.

అంతా బాగుందనుకుంటున్నప్పుడు శెట్టి ఫోన్ చేశాడు. "డబ్బాలు పోతా ఉండాయి, వచ్చేది లేదు. ఈ దీపావళికి ప్లాస్టిక్కే. నువ్వు బేజారు చేసుకోవద్దప్పా" అన్నాడు. ఆ మాట విన్నాక బేజారు కాక ఇంకేమవుతాను? ఆ ఆర్డరు పోతే మా ప్రెస్సు పాత ఇనుము కొట్టుకు పోవాల్సిందే, ఇద్దరు పనివాళ్ళు వేరే పని చూసుకోవాల్సిందే. ఫోన్ ముందు కూర్చుని ఏడిస్తే డబ్బాలు రావు, పోయి చూసి రమ్మంది మా ఆవిడ. రైలెక్కాను.

రైల్లో రంగు బకెట్లు

బెంగళూరు ప్యాసింజరులో నా ఎదురుగా కదిరి వైపు నుంచి వచ్చిన ఓబులమ్మ అనే ఆమె కూర్చుంది. మేడలు కట్టే పనికి పోతోంది. వాళ్ళ గుంపు సామానంతా గోడలకు రంగులేసే ప్లాస్టిక్ బకెట్లలోనే ఉంది. సంచి అన్నది ఒక్కటీ లేదు. నా కళ్ళు మొదట ఆ మూతల మీద పడ్డాయి, వృత్తిదోషం.

"ఈ బకెట్లు యాడివమ్మా?" అన్నాను.

"పనిచేసిన కాడివేనన్నా. రంగు అయిపోతే పారేస్తారు. మేం కడుక్కోని పెట్టుకుంటాం. ఒగదాంట్లో బియ్యం, ఒగదాంట్లో గుడ్డలు. తిరగేస్తే కూసోను పీట."

"రంగు కంపెనీవాళ్ళు వెనక్కి అడగరా?"

ఓబులమ్మ పక్కనున్న ఆడవాళ్ళ వైపు చూసి నవ్వింది. "ఇంత మంచి మూత ఉండేదాన్ని ఎవురన్నా వెనక్కిస్తారా అన్నా? అడిగినోనికే బుద్ధి లేదనుకోవల్ల."

ఆమె ఆ బకెట్లోంచే జొన్నరొట్టె తీసి, చెనక్కాయల పొడి వేసి నా చేతిలో పెట్టింది. రొట్టె తింటూ మూతను నాలుగువైపులా తిప్పి చూశాను. మంచి మూతే. ఒప్పుకోక తప్పలేదు.

హిందూపురంలో టీ వచ్చింది, ప్లాస్టిక్ కప్పులో. తాగేసి అందరూ కిటికీలోంచి విసిరారు. నేను విసరలేదు. నలుగురికీ వినబడేలా ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను, ఆ మోరీ కథ మొదలుకొని. చెత్తడబ్బా ఏదీ కనబడక ఆ కప్పును చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. గౌరిబిదనూరు దాటాక కునుకు పట్టింది. లేచేసరికి కప్పులో అర్ధరూపాయి ఉంది. ఏ పుణ్యాత్ములు వేశారో తెలియదు, ఓబులమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

బళేపేట: లడ్డూ కొలత, గాజు కొలత

మెజెస్టిక్‌లో దిగి, సామాను లాడ్జిలో పడేసి, నడుచుకుంటూ బళేపేట చేరాను. ఇనుప సామాను, గుడ్డలు, గాజులు, సన్నాయిలు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి అమ్ముతుంటారు. సందులో ఎదురుగా ఆటో వస్తే మనం ఏదో ఒక అంగట్లోకి ఎక్కాల్సిందే, ఎక్కాక ఏదో ఒకటి కొనాల్సిందే. నేను శెట్టి అంగడి చేరేసరికి నా చేతిలో ఒక తాళం, రెండు కీలుపట్టీలు ఉన్నాయి.

నంజుండశెట్టికి అరవై దాటి ఉంటాయి. తాతల కాలం నుంచి బెంగళూరే. తెలుగు మాట్లాడతాడు, మధ్యలో కన్నడం తగులుతుంటుంది. మనిషి మంచివాడే గానీ, గిరాకీలంటే, అదే కొనడానికి వచ్చేవాళ్ళంటే, అనుమానం. ప్రతి మనిషీ కొసరు కోసమే పుట్టాడని ఆయన నమ్మకం. నన్ను చూడగానే "రాప్పా, కాఫీ తాగు" అని, పనివాడితో "బై టూ" అని చెప్పాడు. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసి ఇద్దరికి ఇవ్వడం ఇక్కడి ఆచారం. మా అనంతపురంలో చుట్టానికి అరకాఫీ పోస్తే ఆ చుట్టరికం అక్కడితో సరి. ఇక్కడ అదే మర్యాద. కాఫీ అయ్యాక పక్క హోటల్లో టిఫిన్ పెట్టించాడు. ఒకే ప్లేటులో ఒకవైపు ఉప్మా, ఒకవైపు కేసరి. మా ఇంట్లో ఉప్మా అంటే శిక్ష, కేసరి అంటే పెళ్ళిచూపులు. రెండూ పక్కపక్కన చూసి దేన్ని ముందు తినాలో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాను.

తిరిగొచ్చాక శెట్టి బల్ల కింది నుంచి ఒక ప్లాస్టిక్ పెట్టె తీశాడు. పల్చగా, అద్దంలా ఉంది. మూత వేస్తే టప్పుమంది.

"చూడప్పా, మిఠాయి బయటికి కనపడతాది. ధర నీదాంట్లో పదోవంతు. వెనక్కి అడిగే పనిలే, కడిగే పనిలే."

"మరి మోరీ?" అన్నాను.

"మోరీ ఇప్పుడు పెద్దది చేసుండారులేప్పా."

నాకు ఒళ్ళు మండింది. ఆ పెట్టెను వేళ్ళతో నొక్కితే నలిగి చేతిలోకొచ్చింది. ఏ పాత సామాన్లవాడూ దీన్ని కొనడు, ఏ ఇల్లాలూ దీన్ని దాచదు, మళ్ళీ మోరీలోకే వచ్చి పడుతుందని చెప్పాను. శెట్టి తల ఊపాడు గానీ విన్నట్టు లేదు.

"నీ డబ్బా బాగలేదని యారూ అనలేదప్పా. నా గిరాకీలు కళ్ళరు. డబ్బా నొక్కేస్తా ఉండారు" అన్నాడు. కళ్ళరు అంటే దొంగలు.

"దొంగలు కాదు శెట్టిగారూ. ఏదో కారణం ఉంటాది. నేను పోయి కనుక్కొస్తా."

"పో. ఊరికి పోయే లోపల కారణం తెచ్చి చూపించు. ఒప్పుకొనే మాదిరి ఉంటే దీపావళి ఆర్డరు నీకే. లేదా, సుమ్నే రైలెక్కు." సుమ్నే అంటే ఊరికే.

పందెం అలా పడింది. శెట్టి అంగడి నుంచి బయటికొచ్చి నాలుగడుగులు వేశానో లేదో, ఒక గాజుల కొట్లో నా డబ్బాలు కనబడ్డాయి. ఒకటి కాదు, అరలో వరసగా పేర్చి ఉన్నాయి, మూతల మీద మిలమిలా శెట్టి పేరుతో సహా. కొట్టాయన మునిరత్నం. ఏమీ తెలియనట్టు మొహం పెట్టి, ఈ డబ్బాలేమిటని అడిగాను.

"అయ్యో, అది యారు చేసినారో గానీ కాళ్ళకు మొక్కల్లప్పా" అన్నాడు. ఒక డబ్బా మూత తీసి చూపించాడు. లోపల డజన్ల కొద్దీ గాజులు ఒకదాని మీద ఒకటి, కొలిచినట్టు కూర్చున్నాయి. "ఆడ్డానికి జాగా లేదు. ఒక్క గాజు పగలదు. మిఠాయి తినేదానికంటే డబ్బా కోసమే కొంటా ఉండాను నేను."

నా డబ్బా నిలువు డబ్బా, లడ్డూ మీద లడ్డూ కూర్చునే కొలత. లడ్డూ కొలతా గాజు కొలతా ఒకటేనని నాకేం తెలుసు? సంతోషం, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ చేసినవాణ్ణి నేనేనని చెప్పాను. ఆయన చేతులు పట్టుకున్నాడు, బై టూ తెప్పించాడు. అయితే డబ్బాలు శెట్టికి తిరిగిచ్చేయమన్నాను.

"ఇచ్చేసేదానికేనా ఇంత బాగ చేసింది?" అన్నాడు మునిరత్నం.

నేను బై టూ తాగేసి బయటపడ్డాను.

చందాపుర: బోర్లించిన డబ్బాలు

మునిరత్నం ఒక్కడు అన్ని డబ్బాలూ మింగలేడు కదా. పోయిన దీపావళికి చందాపుర దగ్గర ఒక ఫ్యాక్టరీవాళ్ళు తమ పనివాళ్ళకు పంచడానికి శెట్టి దగ్గర పెద్దమొత్తంలో మిఠాయి డబ్బాలు తీసుకున్నారట. వాటిలో ఒక్కటీ రాలేదు. మర్నాడు అత్తిబెలె వైపు బస్సెక్కాను. హోసూరు రోడ్డులో బస్సు కదిలేది తక్కువ, హారన్ కొట్టేది ఎక్కువ. కండక్టరు చిల్లర లేదని టికెట్టు వెనక బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు అడగమన్నాడు. దిగేటప్పుడు ఆయన వెనక తలుపు దగ్గర, నేను ముందు తలుపు దగ్గర. అది అంతే.

చందాపుర కూడలిలో విచారిస్తే ఫ్యాక్టరీవాళ్ళు ఉండే వరస ఇళ్ళు చూపించారు. ఒక్కో గది, ముందు చిన్న వంటతావు, అందరికీ కలిపి ఒక కొళాయి. కన్నడం, తెలుగు, తమిళం ఆ కొళాయి దగ్గరే పోట్లాడుకుంటాయి, అక్కడే రాజీ పడతాయి. మొదటి గుమ్మంలో మడకశిర నుంచి వచ్చిన నాగమ్మ బియ్యం ఏరుతోంది. ఆమె వెనక అరలో నా డబ్బా. గాజులు లేవు, పప్పులు లేవు. తోమి, ఆరబెట్టి, బోర్లించి ఉంది. పక్కింట్లో చూశాను, అలాగే. ఆ పక్కింట్లోనూ అలాగే. వరసంతా నా డబ్బాలు తళతళలాడుతూ బోర్లా పడుకుని ఉన్నాయి. నాకు వెర్రెత్తింది.

"ఇవి యాల పెట్టుకోనుండారమ్మా, వాడుకోకుండా?"

"ఇచ్చేదానికన్నా. అంగడి డబ్బాలు కదా, వెనక్కియ్యాలని ఫ్యాక్టరీలో చెప్పినారు."

"మరి ఇయ్యలేదే?"

నాగమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఉత్త డబ్బా ఎట్లిస్తాం? ఏమన్నా చేసినప్పుడు ఇంత పెట్టిద్దామని ఉండాం. చేసేదానికి తీరుబడి యాడుండాది, షిఫ్టులతోనే సరిపోతాండాది."

నా బుర్రలో ఏదో కదిలింది. మా ఇంట్లో పక్కింటివాళ్ళ గిన్నె వస్తే దాన్ని ఖాళీగా పంపిన రోజు నేను పుట్టాక చూడలేదు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేస్తారు. కానీ ఇది అంగడి డబ్బా కదా.

"ఇదేం చుట్టపోళ్ళ గిన్నె కాదు కదమ్మా. అంగడోనిది."

"అంగడోడైతే మనిషి కాదా? మిఠాయి పెట్టి పంపిండాడు. ఖాళీ డబ్బా ఎదురుగా పెట్టి వస్తే బాగుంటాదా?"

"ఆయన ఊరికే పంపలేదు. దుడ్డు తీసుకున్నాడు."

"ఫ్యాక్టరీ ఇచ్చింటాది. మేమియ్యలేదు కదా. మాకు ఊరికే వచ్చింది."

ఇంత న్యాయంగా మాట్లాడే మనిషితో ఏం వాదిస్తాం? సరే, నేనే శెట్టి మనిషిని, డబ్బాలు నాకిచ్చేయండి, మీ తరఫున నేనే తీసుకుపోయి ఇస్తానన్నాను. తప్పు చేశాను. ఆ మాటతో వరసంతా ఆడవాళ్ళు వంటతావుల్లోకి పరుగెత్తారు. నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. నేను తాగేలోపు ఒక్కొక్క డబ్బా నా ముందుకు రావడం మొదలుపెట్టింది. ఒకదాంట్లో రాగిపిండి. ఒకదాంట్లో వేయించిన చెనక్కాయలు. బెల్లం గడ్డ. అలసందలు. పసుపుకొమ్ములు. ఒక తమిళ అమ్మాయి పరుగున పోయి మూరెడు కనకాంబరాలు కొనుక్కొచ్చి పెట్టింది, అరవై ఏళ్ళ శెట్టికి.

అన్నింటికీ తలాడిస్తున్నవాణ్ణి, చివరి డబ్బా మూత తీసి లేచి నిలబడ్డాను. నిమ్మకాయ ఊరగాయ. "తల్లీ, ఊరగాయ వద్దు. ఉప్పూ పులుపూ కలిసి రేకును తినేస్తాయి" అన్నాను.

"తిని చూడకుండానే మా ఊరగాయ బాగలేదంటాండావా?" అంది పెట్టినావిడ. నలుగురూ నా వైపు చూశారు. నేను తిని చూశాను, చాలా బాగుందన్నాను, మూత బిగించుకున్నాను. రేకుకు నేను చెప్పుకోవాల్సిన క్షమాపణ మనసులోనే చెప్పుకున్నాను.

తిరుగు బస్సులో కండక్టరు నా గోనెసంచి చూసి ఏమిటది అన్నాడు. ఖాళీ డబ్బాలన్నాను. సంచిని కాలితో జరపబోతే కదల్లేదు. మూతి బిగించి లగేజీ టికెట్టు కొట్టాడు. ఊరగాయ ఎక్కువసేపు ఉంటే డబ్బా పాడవుతుందని నా తొందర నాది. డ్రైవరేమో ప్రతి చెట్టు దగ్గరా ఆపుతున్నాడు. ఒకచోట గట్టిగా బ్రేకు వేస్తే సంచి తలకిందులై సీట్ల కిందికి దొర్లింది. వంగి చూశాను. ఊరగాయ డబ్బా తలకిందులుగా ఉంది. బయట ఒక్క చుక్క నూనె లేదు. ఉన్నమాట చెబుతాను, ఆ మూతను చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత పని తెలిసినవాణ్ణి, నా ప్రెస్సు పాత ఇనుముకు పోవడమేమిటని చాలా బాధేసింది. లాడ్జికి రాగానే ఊరగాయను గాజు సీసాలోకి మార్చి, డబ్బాను వేడినీళ్ళతో కడిగాను. ఉన్నన్ని రోజులూ పెరుగన్నంలోకి ఆ ఊరగాయే. నిజంగానే చాలా బాగుంది.

మహదేవపుర: ఆఫీసు చక్కెర

కారణం దొరికింది గానీ శెట్టి ఒప్పుకోవాలి కదా. పల్లెటూరివాళ్ళు కాబట్టి అలా చేశారంటాడు. అందుకని మర్నాడు మహదేవపుర వెళ్ళాను. మా అక్క కూతురు సుజాత అక్కడ ఒక కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తుంది. పోయిన దీపావళికి ఆ ఆఫీసుకు శెట్టి మిఠాయి ఇప్పించింది నేనే, ఆమె ద్వారా. అక్కడి నుంచీ ఒక్క డబ్బా రాలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు, నేను కడిగి వెంట తెచ్చుకున్న ఊరగాయ డబ్బాను తెరిచి చూపించమన్నారు. మీరే తెరవండన్నాను. ఒకతను లాగాడు, రాలేదు. ఇంకొకతను డబ్బా పట్టుకుంటే మొదటతను మూత పట్టుకుని లాగాడు. సూపర్‌వైజర్ వచ్చాడు. చివరికి నేనే బొటనవేలితో అంచును ఒక్క నొక్కు నొక్కి తీసి చూపించాను. నా మెడలో ఒక కార్డు వేసి, చాలా గౌరవంగా లిఫ్టు దాకా దిగబెట్టారు.

సుజాత నన్ను భోజనానికి తీసుకెళ్ళింది. అన్నం ప్లాస్టిక్ పళ్ళెంలో, పప్పు ప్లాస్టిక్ గిన్నెలో, చెంచా ఒక ప్లాస్టిక్ కవర్లో, అప్పడం ఇంకో కవర్లో. ధర విని నేను రెండోసారి అడిగాను. మా ఊళ్ళో ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ తింటాం, మిగిలిన పప్పు రాత్రికి ఉంటుంది. తినేసరికి ఎదురుగా చిన్న కుప్ప తయారైంది.

"వచ్చే వారం మా టీమ్ దీని మీదే ప్రెజెంటేషన్ ఇస్తోంది మామా. వేస్ట్ తగ్గించాలని" అంది.

"ముందు నా డబ్బాల సంగతి చెప్పమ్మా."

సుజాత మొహం మారింది. "అయ్యో, రిటర్న్ చేద్దామనే మామా, కమిటీ కూడా వేశాం. మెయిల్స్ తిరుగుతున్నాయి."

"ఇచ్చేదానికి మెయిల్స్ ఎందుకే?"

"ఏం పెట్టి ఇవ్వాలని. కొందరు చాక్లెట్స్ అన్నారు, కొందరు డ్రై ఫ్రూట్స్ అన్నారు. డెసిషన్ అవ్వలేదు. ఎంప్టీగా ఇస్తే బాగుండదు కదా. అమ్మకు తెలిస్తే చంపేస్తుంది."

పక్కన కూర్చున్న పాలమూరు అబ్బాయి రవి కూడా తలూపాడు. "ఉత్తగ ఎట్లిస్తం అంకుల్? మంచిగుండది."

నేను కుర్చీకి చేరగిలబడి నవ్వాను. అద్దాల మేడ, మెడలో కార్డు, బల్లకొక కంప్యూటరు, లోపల మాత్రం నాగమ్మ వంటతావే. సాయంత్రం వెళ్ళేటప్పుడు వాళ్ళు కమిటీని పక్కనబెట్టి డబ్బాలన్నీ ఒక పెట్టెలో పెట్టి ఇచ్చారు. ఒకటి తెరిచి చూశాను. ఆఫీసు కాఫీ దగ్గర పెట్టే చిన్న చిన్న చక్కెర పొట్లాలు, రెండు. ఇంకొకటి తెరిచాను, దాంట్లోనూ రెండు.

"ఇది మీ ఆఫీసు చక్కెర కదా?" అన్నాను.

"ఎవరి షుగర్ అయితే ఏంటి మామా, ఖాళీ కాకుంటే చాలు."

బస్సులో కూర్చున్నాక ఆ మాట మీదే ఆలోచన సాగింది. ఖాళీ కాకుంటే చాలు. అయితే డబ్బా మూత లోపలి వైపు చిన్న గూడు నొక్కితే? అందులో అంగడివాడే ఒక పటికబెల్లం పొట్లం పెట్టి పంపితే? ఇది తినడానికి కాదమ్మా, డబ్బాతో తిరిగి రావడానికి అని మూత మీద అచ్చు కొడితే? మిఠాయి తిన్నా డబ్బా ఖాళీ అవదు. ఖాళీ కానిదాన్ని తిరిగివ్వడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. ఇక చుట్టుకొలత కాస్త తగ్గిస్తే ఏ గాజూ అందులో పట్టదు. లడ్డూలు చిన్నవి చుట్టుకోమని శెట్టికి చెప్పాలి, దానికి ఆయన సంతోషంగా ఒప్పుకుంటాడు.

మళ్ళీ శెట్టి ముందు

డబ్బాలన్నీ బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ తెరిచి చూపించాను. రాగిపిండి, పసుపుకొమ్ములు, వాడిన కనకాంబరాలు, చక్కెర పొట్లాలు.

"ఏందప్పా ఇది, మిఠాయి అంగడా, సంతా?" అన్నాడు శెట్టి.

జరిగిందంతా చెప్పాను. గూడు గురించి చెప్పాను, గాజు పట్టని కొలత గురించి చెప్పాను. శెట్టి కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు, తల అడ్డంగా ఊపాడు.

"ఇదంతా పల్లె మాటప్పా. ఇది బెంగళూరు. మూడు తరాలుగా ఉండాం ఇక్కడ. ఈ కాలంలో అదంతా యారు చూస్తారు? డబ్బా బాగుండాది, పెట్టుకున్నారు. నువ్వు పోయి అడిగితివి, సిగ్గయి ఏదో పెట్టిచ్చినారు. అంతే."

"అంత దూరం పోయి కనుక్కొస్తిని కదా శెట్టిగారూ."

"లేదనలేదు. కానీ నేను వ్యాపారం చేయల్ల కదా. ప్లాస్టిక్ ఆయప్పకు మాట ఇచ్చేస్తాను. నువ్వు బేజారు చేసుకోవద్దు."

అంతే. షెడ్డుకు పోయి ఆ ఇద్దరికీ ఎలా చెప్పాలా అని అదొక్కటే తోచింది. ఏడుపు వచ్చేలా ఉందని లేచాను.

శెట్టికీ మనసు నొచ్చినట్టుంది. వెనక అరలోంచి ఒక డబ్బా తీశాడు. మొట్టమొదట మచ్చుకు చేసి ఇచ్చిన డబ్బా అది, మురిపెంగా దాచుకున్నాడు. "ఇది నీ శాంపులు. నీది నువ్వు తీసుకోనిపో. మన లెక్క సరి" అన్నాడు. మూత తీశాడు. భుజం మీది టవలుతో లోపల తుడిచాడు. ప్లాస్టిక్ ఆయన ఎంత మంచివాడో, సరుకు అంగడికే తెచ్చి ఎలా దించిపోతాడో చెబుతూనే ఉన్నాడు. చెబుతూనే కుడిచెయ్యి పక్క పళ్ళెంలోకి పోయింది. ఒక లడ్డూ తీసి డబ్బాలో పెట్టాడు. ఒకటి బాగుండదనుకున్నాడో ఏమో, ఇంకొకటి పెట్టాడు. మూత బిగించి నా చేతికి అందించాడు.

నేను చెయ్యి చాపలేదు.

"లోపల ఏమి పెడితిరి శెట్టిగారూ?"

"లడ్డు."

"ఎందుకు?"

"ఎందుకేమప్పా, ఖాళీ డబ్బా చేతికి ఎట్ల..."

అక్కడ ఆగాడు. చేతిలోని డబ్బాను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ డబ్బాను చూశాడు. పొయ్యి దగ్గర బూందీ దూసే పనివాడు గరిటె ఆపి మా వైపు తిరిగాడు. శెట్టి మెల్లగా కూర్చున్నాడు. తర్వాత పనివాడితో, "యాల చూస్తా ఉండావు, ఒగ బై టూ చెప్పిరాపో" అన్నాడు.

కాఫీ సగం తాగాక నా వైపు చూడకుండానే అడిగాడు. "మూతలో ఆ గూడు ఎంత లోతు పెడతావప్పా?"

ఊరికి వచ్చాక

ఆ దీపావళికి మా ప్రెస్సు పగలంతా ఆగలేదు. సన్న కొలత డబ్బాలు, మూతలో గూడు, గూట్లో పటికబెల్లం. కొందరు పిల్లలు ఆ పటికబెల్లం కూడా తినేశారట, వాళ్ళ అమ్మలు చక్కెర పోసి పంపించారట. మునిరత్నం మాత్రం ఫోన్ చేసి నన్ను తిట్టాడు.

పండగ అయిన కొన్నాళ్ళకు శెట్టి ఫోన్ చేశాడు. గొంతు హుషారుగా ఉంది. "డబ్బాలు వచ్చేస్తా ఉండాయప్పా. ఈపాటికి ఇంచుమించు అన్నీ వచ్చినట్టే. నాకు బాగ తెలిసిన మనిషి ఒగడు మాత్రం ఇంకా ఇయ్యలేదు."

"ఎవురు శెట్టిగారూ, పోయి అడిగొస్తా" అన్నాను.

"నువ్వే. లడ్డు పెట్టిచ్చిన డబ్బా ఏమాయె?"

శాంపులు డబ్బా మా వంటింటి అరలో ఉంది, తోమి బోర్లించి. పక్కనున్న మా ఆవిడను అడిగాను. నువ్వుల ఉండలు చేసి దాంట్లో పెట్టి పంపాలని తను మొదటి రోజే అనుకుందట, కొత్త బెల్లం ఇంకా రాలేదని ఆగిందట. ఆ మాటే శెట్టికి చెప్పాను.



"తొందరేం లేదులే" అన్నాడు శెట్టి. "బెల్లం మంచిది చూసి తీసుకోమను."